ట్యూబు మీద పేరు, స్లైడు మీద వయసు

2023 వేసవిలో, వేట నిషేధం నడుస్తున్న రోజుల్లో, అల్లూరుకు తూర్పున సముద్రపొడ్డున ఉన్న ఒక పాళెంలో మా సంస్థ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల శిబిరం పెట్టింది. నిషేధమప్పుడు పడవలు ఇసుకలో ఉంటాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఇళ్ళ దగ్గరే కూర్చుంటారు. ఆడవాళ్ళకు తెల్లవారకముందే చేపల గంపతో ఆటో ఎక్కే పని ఉండదు. ఆ పాళెంలో శిబిరానికి అంతకంటే మంచి కాలం లేదు. తుఫాను షెల్టరు పైగదులు రెండూ మాకు ఇచ్చారు.

నేను సైటోటెక్నాలజిస్టును. శరీరం నుంచి తీసిన కణాలను గాజు స్లైడు మీద పరిచి, రంగులు పట్టించి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా చూసి, మామూలుగా లేనివాటిని గుర్తుపెట్టి పాథాలజిస్టుకు అందించడం నా వృత్తి. మద్రాసులో ఈ కోర్సు చదివాను. చదవాల్సి వచ్చింది అంటే సరిగ్గా ఉంటుంది. అల్లూరు చుట్టుపక్కల ఒకప్పుడు మా కుటుంబానికి చాలా భూమి ఉండేది. మా నాన్న వరి తీసేసి రొయ్యల గుంటలు తవ్వించాడు. తొంభైల నడుమ తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలన్నీ పోయాయి. వాటి వెనకే భూమి, ఇల్లు పోయాయి. ఇల్లు పోయినా నా నడక పోలేదని మా ల్యాబులో వెనక అనుకుంటారు. అది నిజమే. ఎవరి దగ్గరా వంగి నిలబడే అవసరం నాకు ఇప్పటికీ కలగలేదు. పరీక్షకు వచ్చినవారు ఎవరైనా సరే ‘మీరు’ అంటాను. అది ఆస్తితో రాలేదు, ఆస్తితో పోలేదు.

వృత్తి సంగతి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. సంసారం చేసే ఆడామగల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం పోకుండా తిష్ఠ వేసి ముఖద్వారం కణాలను మార్చడం మొదలుపెడుతుంది. ఆ మార్పు ముదిరి క్యాన్సర్ కావడానికి సాధారణంగా చాలా ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది. మా పనంతా ఆ వ్యవధిలోనే.

డాక్టర్ చేత పరీక్ష అంటే పల్లెల్లో ఆడవాళ్ళు వెనక్కి తగ్గుతారు. అందుకని వైరస్ పరీక్ష వరకు, నమూనాను ఎవరికి వారే తీసుకునే పద్ధతి తెచ్చాం. మెత్తని చిన్న బ్రష్ ఇస్తాం. తలుపు వేసుకుని లోపల తీసుకుని, ద్రవం ఉన్న ట్యూబులో ముంచి తెచ్చి ఇస్తారు. వైరస్ ఉన్నట్టు తేలినవారిని మాత్రం నెల్లూరులో మా కేంద్రానికి పిలిచి డాక్టర్ చూస్తారు.

ఆ రోజు ట్యూబుల బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. ముప్పై నుంచి అరవై ఏళ్ళ మధ్యవారికే ఆ శిబిరం. వరుసలో ఒక పెద్దావిడ కోడలిని రెక్క పట్టుకుని తెచ్చింది. ఆవిడ కాంతమ్మ. అరవై దాటింది. అల్లూరు బజారులో చేపలు అమ్మి అమ్మి గొంతు గట్టిపడింది. కోడలు సుగుణకు ముప్పై రెండేళ్ళు. నేల చూపులు తప్ప వేరే చూపు లేదు.

“ఏమ్మా, అరవై దాటినోళ్ళం మనుషులం కాదా?” అంది కాంతమ్మ నాతో. “మాకు రోగాలు రావా, వొచ్చినా పర్లేదా?”

“వస్తాయి. ఈసారి తెచ్చిన కిట్లు తక్కువ. వచ్చేసారి మిమ్మల్నీ పిలుస్తాం.”

“వొచ్చేసారికి మేం ఉండొద్దా!”

వరుస మొత్తం నవ్వింది. సుగుణ నవ్వలేదు. బ్రష్ చేతిలో పెట్టగానే అత్త వైపు తిరిగింది.

“అత్తా, నాకు బయమేస్తా ఉండాది. ఇంటికి పోదాం.”

“ఏం బయం మే? ఇద్దరు బిడ్డల్ని కన్నదానివి. పద, నేనూ లోపలికొస్తా.”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తలుపు వెనక గుసగుసలు వినిపించాయి, తర్వాత కాంతమ్మ నవ్వు. బయటికి వచ్చినప్పుడు ట్యూబు ఆవిడ చేతిలోనే ఉంది. “ఇదిగో, మా కోడలిది. మూత గట్టిగా బిగించినా” అని ఇచ్చింది. సుగుణ పేరున్న లేబుల్ వాళ్ళ ఎదురుగానే అతికించాను.

ఆ ట్యూబులో వైరస్ ఉన్నట్టు తేలింది. అదీ ప్రమాదకరమైన రకం.

సుగుణను పిలిపించాం. అత్త తోడు వచ్చింది. ఫలితం ఎప్పుడూ విడిగా చెప్తాం గనుక నర్సు సుగుణను లోపలికి పిలిచింది. నేనూ పక్కనే ఉన్నాను. విన్నాక ఆ పిల్ల మొహంలో భయం కనిపించలేదు. అయోమయం కనిపించింది. “మా అత్తని గూడా పిలవండి” అంది. వరండాలో మా కేంద్రం ఆయమ్మతో సరదాగా మాట్లాడుతున్న కాంతమ్మ లోపలికి వచ్చి మొత్తం విన్నది.

“ఇది ఎట్టొస్తది?” అని అడిగింది.

సంసారం వల్ల సోకుతుందని నర్సు నెమ్మదిగా చెప్పింది. అంత గొంతున్న కాంతమ్మ తిరిగి వెళ్ళేదాకా నోరు తెరవలేదు.

గైనకాలజిస్టు సుగుణను పరీక్షించి, ముఖద్వారం నుంచి కొత్తగా నమూనా తీశారు. దానిలో వైరస్ లేదు. దానితోనే చేసిన స్లైడును నేను మూలమూలా చూశాను. ఆ వయసు ఆరోగ్యవంతురాలికి ఎలా ఉండాలో అలా ఉంది. పెద్ద పెద్ద పలుచని కణాలు, వాటి నడుమ చుక్కంత కేంద్రకాలు. కొన్ని వారాల్లో వైరస్ పోయి ఉండవచ్చుననుకుని కేసు ముగించవచ్చు. చాలాచోట్ల అలాగే ముగిస్తారు.

నాకు అది నచ్చలేదు. శిబిరంలో తీసిన మొదటి ట్యూబులో కొంత ద్రవం మిగిలి ఉంది. స్వయంగా తీసుకున్న నమూనాతో సైటాలజీ, అంటే కణాల పరీక్ష, చేసి జబ్బు లేదని చెప్పకూడదు. అందులో ముఖద్వారం కణాలు సరిగ్గా రావు. అది నాకు తెలుసు. నేను జబ్బు కోసం చూడలేదు. ఆ ట్యూబులో ఉన్నది ఎవరో చూడాలనుకున్నాను.

స్లైడు చేసి చూశాను. పలుచని పెద్ద కణం ఒక్కటీ లేదు. అన్నీ చిన్నవి, గుండ్రనివి, ముద్దగా ఉన్నవి. వీటిని పారాబేసల్ కణాలు అంటారు. ముట్లుడిగి చాలా ఏళ్ళయినవారిలో హార్మోన్ తగ్గి పైపొర పెరగదు గనుక ఇవే కనిపిస్తాయి. పాలిచ్చే తల్లుల్లోనూ ఇలా ఉండవచ్చు. కాని సుగుణ చిన్న బిడ్డ మూడో తరగతి చదువుతున్నాడు. వాటి మధ్య అక్కడక్కడా కొన్ని కణాలు మరీ నల్లగా, అంచులు గరుకుగా ఉన్నాయి.

పాథాలజిస్టు రమాదేవిగారిని పిలిచి చూపించాను. ఆవిడ చాలాసేపు చూశారు.

“ముసలి కణాలు ఎండిపోయినా ఒక్కోసారి ఇలా నల్లబడి మోసం చేస్తాయి. దీని మీద నేను రిపోర్టు ఇవ్వను” అన్నారు.

“రిపోర్టు అడగడం లేదు మేడమ్. ఇది ముప్పై రెండేళ్ళ మనిషిదా?”

“కాదు.”

“ట్యూబులు మారలేదు. లేబుల్ నేనే వేశాను.”

ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. “అయితే ఈ కణాలున్న మనిషి ఎక్కడో తనకేమీ లేదనుకుని తిరుగుతోంది. వైరస్ ఉంది, ఈ నల్లకణాలూ ఉన్నాయి. వెతకండి.”

వెతకాల్సింది పెద్దగా లేదు. ఆ గదిలోకి వెళ్ళింది ఇద్దరే.

మర్నాడే పాళెం వెళ్ళాను. ఇసుకలో పడవల నీడన మగవాళ్ళు వలలు అల్లుతున్నారు. కాంతమ్మ ఇంటి ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

“ఏందమ్మా, మా కోడలికి ఏం లేదని చెప్పినారంట గదా. మళ్ళా ఎందుకొచ్చినావు?”

“మీతో మాట్లాడాలి. ఇక్కడ కాదు.”

ఆవిడ చాట పక్కన పెట్టి నడిచింది. ఊరు దాటి రొయ్యల గుంటల గట్టు ఎక్కాం. గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆ మోతలో మా మాట ఎవరికీ వినపడదు. ఆ గుంటలు ఒకప్పుడు మావే. ఆ విషయం నేను చెప్పలేదు.

“ఆ బ్రష్ సుగుణ వాడలేదు. మీరు వాడారు” అన్నాను.

“ఎవరు చెప్పినారు? ఆ పిల్ల చెప్పిందా?”

“ఆమె నోరు విప్పలేదు. మీ కణాలు చెప్పాయి.”

“వాటికి నోరుండాదా?”

“వయసుంది. ముప్పై ఏళ్ళ మనిషి కణాలకు, మీ వయసు మనిషి కణాలకు పోలిక ఉండదు. వరుసలో ఉన్నవాళ్ళలో మీ అంత వయసు ఎవరికీ లేదు.”

కాంతమ్మ మామూలు గొంతుతోనే చెప్పింది.

“ఆ పిల్ల వొణికిపోతా ఉంటే నేనే తీసిచ్చినా. దాంట్లో తప్పేముండాది? మా పాళెంలో ఒకడికి ఒళ్ళు బాగలేకపోతే ఇంకొకడు వాడికి బదులు పడవెక్కతాడు. పడిన చేపల్లో పాలు మాత్రం వాడింటికే పోతాది. మా మామకాడి నుంచీ ఇదే పద్దతి. కోడలికి బదులు నేను పోయినా. ఫలితం కోడలింటికి పోతాదనుకున్నా.”

నా ఉద్యోగంలో చాలా రకాల పొరపాట్లు చూశాను. సీసాలు మార్చినవాళ్ళు, పరీక్షకు భయపడి నీళ్ళు ముంచి ఇచ్చినవాళ్ళు ఉన్నారు. ఇది మాత్రం ఆ పాళెంలో తప్ప ఇంకెక్కడా జరగదు. అందులో మోసం లేదు. వాళ్ళు ఒకరికొకరు నిలబడే తీరే అది.

“వల బదులు లాగొచ్చు కాంతమ్మా. ఈ పరీక్ష బదులు ఇవ్వడానికి లేదు. వైరస్ మీలో ఉంది. కొన్ని కణాలు అనుమానంగా ఉన్నాయి. మీరు డాక్టర్‌కు చూపించుకోవాలి.”

“నేను రాను.”

“ఎందుకు?”

ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. “ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటినాది. ఆ నర్సమ్మ ఏమనింది? సంసారం వల్ల వొస్తదనింది. ఇప్పుడు కాంతమ్మకి ఈ రోగమని తెలిస్తే ఊరేమంటది? గంపెత్తుకోని రోజూ అల్లూరికి ఎందుకు పోతా ఉండిందో ఇప్పుడు తెలిసిందిలే అంటారు. ఒక్క మాట అనిపించుకోకుండా బిడ్డల్ని పెంచినా పాపా. ఈ వయసులో నాకది వొద్దు.”

“మీ భర్త ఉన్నప్పుడు సోకినదే కావచ్చు. కొందరిలో ఏళ్ళకేళ్ళు చప్పుడు చేయకుండా పడి ఉంటుంది. వయసు మీద పడి ఒంట్లో సత్తువ తగ్గాక బయటపడుతుంది. ఎప్పుడు సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు.”

“నువ్వు చెప్తే నేను నమ్ముతా. ఊరు నమ్మదు.”

ఊరి నోరు ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇల్లు పోయినప్పుడు విన్నాను. అందుకే ఎవరికీ చెప్పని మాట ఆ గట్టు మీద చెప్పాను.

“ఈ గుంటలు ఒకప్పుడు మావి. మీకు తెలుసో లేదో.”

“తెలీకపోవడమేంది? పెద్దింటి పాపవని శిబిరంలోనే గుర్తుపట్టినా. వొంగని ఆ మెడ మీ నాయనది.”

“తెల్లమచ్చ మొదట ఈ మూల గుంటలో వచ్చింది. రొయ్యలు మేత మానేసి గట్టువారకు చేరాయి. మా నాన్నకు ఆ రోజే తెలిసింది. ఆ ఇంట్లో జబ్బట అని నలుగురూ అనుకుంటారని ఆయన రొయ్యలు పట్టేవాళ్ళను కూడా పిలవలేదు. పైకి చెప్పి ఉంటే, మిగతా గుంటల్లో రొయ్యలు చిన్నవైనా పట్టేసి అమ్ముకునేవాళ్ళం. సగమన్నా మిగిలేది. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన కాలంలో పరువంటే అంతే. కాని పోగొట్టింది వైరస్ ఒక్కటే కాదు.”

కాంతమ్మ నా వైపు తిరిగింది.

“ఆ ఎర్రబారిన రొయ్యల్ని గట్టున ఏరి పూడ్చింది ఎవరనుకున్నావు?”

“ఎవరు?”

“నేనే. అప్పట్లో మీ గుంటల్లో కూలికి వొస్తా ఉన్నా. ‘కాంతా, ఈ మాట ఎవరితో అనబాక’ అన్నాడు మీ నాయన. నేను అనలా. ఈ పొద్దుకీ అనలా. మా ఇంటాయనతో గూడా అనలా.”

ఇన్నేళ్ళు ఆ సంగతి మా ఇంటి గోడల మధ్యే ఉందనుకున్నాను. నాకు తెలియకుండా ఈవిడ దాన్ని మోసింది. కృతజ్ఞత చెప్పడం నాకు సులువుగా రాదు. నాకు వచ్చింది నా పని. దాన్నే ఇచ్చాను.

“మా నాన్న మాట మీరు దాచారు. మీ మాట నేను దాస్తాను. మీ రిపోర్టు నా చేతుల మీదుగా డాక్టర్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి మీకు వస్తుంది. మీ ఆశా కార్యకర్తకు కూడా తెలియదు. కాని ఈ మూల గుంటను ఈసారి వదలడానికి వీల్లేదు. మీరు రావాలి.”

“వొస్తే బతుకుతానా?”

“ఇప్పుడు వస్తే చిన్న ఆపరేషన్‌తో పోయే అవకాశమే ఎక్కువ. ఆలస్యం చేస్తే ఆ మాట చెప్పలేను.”

ఆవిడ లేచి చీర దులుపుకుంది. “మోకాళ్ళ నొప్పులకి పోతా ఉండానని చెప్తా. ఊళ్ళో అందరికీ ఉండేదే.”

కాంతమ్మ వచ్చింది. సుగుణ తోడు వచ్చింది. ఈసారి రెక్క పట్టుకున్నది కోడలు. డాక్టర్ తీసిన నమూనాలోనూ నల్లకణాలు ఉన్నాయి. ముసలి కణాల మోసమా, నిజమైన మార్పా అన్నది తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. లోపల రాసుకునే హార్మోన్ క్రీము కొన్నాళ్ళు వాడిస్తే, వయసు వల్ల ముడుచుకున్న కణాలు కోలుకుంటాయి. జబ్బుపడినవి కోలుకోవు. క్రీము వాడాక తీసిన స్లైడులో చుట్టూ కణాలన్నీ తేటబడ్డాయి. ఆ నల్లవి మాత్రం అలాగే, ఇంకా స్పష్టంగా కనిపించాయి. నేను వాటి పక్కన గుర్తు చుక్కలు పెట్టి ఇచ్చాను. రమాదేవిగారు ఈసారి వెనకాడకుండా సంతకం చేశారు. క్యాన్సర్‌కు ముందు దశ, అందులోనూ చివరి మెట్టు.

మార్పు ముఖద్వారం లోపలి వైపు ఉంది గనుక పైపైన కాల్చే చికిత్స చాలదు. ఆ భాగాన్ని శంకువు ఆకారంలో కోసి తీసే కోన్ బయాప్సీ చేశారు. కోసిన అంచుల్లో మారిన కణం లేదు. లోతుకు దిగిన జాడ లేదు. ఆ మాట నేనే వెళ్ళి చెప్పాను. కాంతమ్మ మంచం మీద లేచి కూర్చుని, “మోకాళ్ళు బాగైనాయంట మే” అని కోడలితో అంది. సుగుణ అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ తర్వాత పిలిచినప్పుడల్లా కాంతమ్మ వచ్చి చూపించుకుంటోంది. వైరస్ మళ్ళీ కనిపించలేదు.

ఆ కేసు తర్వాత మా పద్ధతి మార్చుకున్నాం. బ్రష్ తీసుకున్నవారు గదిలోకి ఒక్కరే వెళ్తారు. ఎందుకో ముందే విడమరిచి చెప్తాం. వైరస్ ఎలా సోకుతుందో చెప్పిన నోటితోనే, అది ఎన్నేళ్ళు దాగి ఉండగలదో కూడా చెప్తాం. ఆ రెండో మాట లేకుండా మొదటి మాట చెప్పడం మనిషిని ఇంట్లో దాక్కోమనడమే. జీవితంలో ఒక్క పరీక్షా ఎరగని పెద్దవాళ్ళను వయసు పేరుతో వెనక్కి పంపడం మానేశాం. జాబితాల్లో పేరు, వయసు ఉంటాయి. వాటిని నమ్మాలి, కాని స్లైడుతో సరిపోల్చాలి. రెండూ కలవకపోతే స్లైడు పక్షాన నిలబడాలి. నేను నిలబడ్డాను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ నిలబడతాను.

తర్వాతి వేసవి శిబిరంలో వరుసను నడిపింది కాంతమ్మే. మెట్ల దగ్గర నిలబడి ఒకటే అరుపు. “బదులు కుదరదు మే! ఎవురి ఒళ్ళు వాళ్ళే చూపించుకోవాల! చేపలు కాదు పంచుకునేదానికి!” ఆ మాట ఆవిడకు ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు.

ఈ అనుభవం రాయాలనుకున్నప్పుడు అనుమతి కోసం పాళెం వెళ్ళాను. పేర్లు మారుస్తానని, ఊరి పేరు వేయనని చెప్పాను. ఆవిడ గంపలో చేపలు సర్దుతూ విన్నది.

“రాసుకో. నా మాదిరి బయపడినోళ్ళు చదవతారు. అయితే ఒక షరతు పాపా.”

“చెప్పండి.”

“నాది రాస్తే మీ నాయన గుంట మాట గూడా రాయాల. సగం రాస్తే ఒప్పుకోను.”

రాశాను.